‘మంచిగనే ఉన్నడు కదా’ అన్న మీకు

తెలంగాణ విశ్వవిద్యాలయాల గౌరవ ఉపకులపతులకు, పరీక్షల నియంత్రణాధికారులకు, అనుబంధ కళాశాలల ప్రిన్సిపాళ్లకు



“చూస్తే మంచిగనే ఉన్నడు కదమ్మా!”

మీలో ఒకరి గదిలో, మా చెల్లెలి కొడుకును పక్కన నిలబెట్టుకుని నేను విన్న మాట ఇది. ఏ విశ్వవిద్యాలయమో, ఏ కళాశాలో రాయను. ఆ అధికారి చెడ్డవారు కారు. కుర్చీ చూపించారు, మంచినీళ్లు తెప్పించారు. ఆ తర్వాత మా అర్జీ మీద ఎర్ర సిరాతో రెండు ముక్కలు రాసి వెనక్కిచ్చారు. ఈ జబ్బు వైకల్యాల జాబితాలో లేదు కనుక పరీక్షలో అదనపు సమయం కుదరదట. హాజరు 75 శాతం లేదు కనుక పోయిన సెమిస్టరు పోయినట్టేనట. ఆ రెండు ముక్కలు రాయడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఆ రెండు నిమిషాల మీదే నాకు మీ అందరితో మాట్లాడాలని ఉంది.

మావాడికి ఇరవై మూడేళ్లు. ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్. నిరుడు చలికాలంలో ఒక రాత్రి స్నేహితుడి బండి వెనక కూర్చుని హబ్సిగూడ నుంచి తార్నాక వస్తున్నాడు. నడిపేవాడికి హెల్మెట్ ఉంది, వెనకున్న మావాడికి లేదు. కుక్క అడ్డొచ్చింది, బండి జారింది, తల డివైడర్ అంచుకు కొట్టుకుంది. ఎవరో పుణ్యాత్ముడు 108కి ఫోన్ చేశాడు. ఆసుపత్రికి చేరేసరికి స్పృహ కొలిచే జీసీఎస్ స్కోరు తొమ్మిది అన్నారు. పదిహేనుకు తొమ్మిది. ముప్పై నాలుగేళ్లు లెక్కలు చెప్పిన దాన్ని, నా చెవికి అది అరవై శాతంలా, ఫస్ట్ క్లాసులా వినిపించింది. ఆ కొలత సున్నా దగ్గర మొదలు కాదని, మూడు దగ్గర మొదలవుతుందని, కన్ను తెరవని, కదలని, పలకని మనిషికి కూడా మూడు వేస్తారని డ్యూటీ డాక్టరు చెప్పాక అక్కడే బెంచీ మీద కూలబడ్డాను.

పంతొమ్మిదో రోజున ఇంటికి పంపారు. స్పృహలో ఉన్నారు, సొంతంగా నడుస్తున్నారు, నోటితో తింటున్నారు అని డిశ్చార్జి కాగితంలో రాశారు. మీ అధికారి చదివింది ఆ కాగితమే. గాయం ఆ తేదీతో అయిపోయిందని ఆయన లెక్క. మాకు మొదలైంది ఆ తేదీనే.

మెదడు గట్టి ముద్ద కాదు. స్టీలు డబ్బాలో జున్ను పెట్టి, మూత బిగించి ఒక్క కుదుపు కుదిపితే ఏమవుతుందో ఊహించుకోండి. పైగా ఈ డబ్బా లోపల నున్నగా ఉండదు. నుదుటి వెనక భాగంలో ఎముక గరుకుగా, గట్లు గట్లుగా ఉంటుంది. మెదడు ముందు భాగం వాటికి రాసుకుంటుంది. లోపల సన్నటి నరాల తీగలు సాగి తెగిపోతాయి. అలా తెగినవి మామూలు సీటీ స్కాన్‌లో చాలాసార్లు కనిపించవు. “స్కాన్ నార్మలే అంటున్నరు కదా” అన్న మీ వారి రెండో మాటకు జవాబు కూడా ఇదే.

ముక్కు పైన జల్లెడలాంటి చిన్న ఎముక ఒకటుంటుంది. వాసన తెలిపే నరాలు దాని రంధ్రాల్లోంచే మెదడుకు వెళ్తాయి. అదే కుదుపుకు అవీ తెగుతాయి. ఇంటికొచ్చిన వారంలో ఒకరోజు మా చెల్లెలు పప్పులో ఇంగువ పోపు పెట్టి మూత వేసింది. ఇల్లంతా గుప్పుమంటోంది. వాడు వంటింటి గుమ్మంలో నిలబడి, “ఇవాళ పోపు పెట్టలేదా అమ్మా?” అన్నాడు. వేళాకోళం అనుకుని నవ్వాం. వాడు నవ్వలేదు. గ్యాస్ లీకైనా వాడికి తెలియదన్న సంగతి ఆ రాత్రి పడుకున్నాక గాని నాకు తట్టలేదు. అప్పటి నుంచి ఇంట్లో వాడొక్కడే ఉంటే స్టవ్ ముట్టుకోనివ్వడం లేదు.

వాసనకు మీరు మార్కులు వెయ్యరు, సరే. పుస్తకం తీస్తే పేజీ చివరికొచ్చేసరికి పేజీ మొదలు జారిపోతుంది. ఫ్యాను గరగర, పక్క బెంచీ కాగితం చప్పుడు, వరండాలో చెప్పుల టపటప, ఇవేవీ మన చెవికి ఎక్కవు. వాడికి అన్నీ ఒకేసారి మీద పడతాయి. రెండు గంటలు చదివితే మార్కెట్లో బస్తాలు మోసి వచ్చినవాడిలా పడిపోతాడు. చూసేవాళ్లకు అది బద్ధకం. ఒకసారి అన్నం పళ్లెం విసిరికొట్టి, మరుక్షణం ఆ మెతుకులు ఏరుతూ ఏడ్చాడు. కోపానికి కళ్లెం వేసే పని నుదుటి వెనకున్న మెదడుది. కళ్లెం పట్టుకునే చెయ్యికే దెబ్బ తగిలింది మరి. ఏడో నెలలో మొదటిసారి ఫిట్స్ వచ్చాయి. తలకు దెబ్బ తగిలిన నెలలకే కాదు, ఏళ్లకు కూడా అవి మొదలవ్వచ్చట. మాత్రలు రాశారు. ఫిట్స్ మాత్రల్లో కొన్నిటికి చిరాకు పెంచే గుణం ఉంది. ఫిట్స్ తగ్గాయి, చిరాకు పెరిగింది.

ఇన్ని పోయినా తెలివి పోలేదు. దయచేసి ఈ ఒక్క వాక్యం రెండుసార్లు చదవండి. తలుపు వేసి, ఫ్యాను ఆపి, గడియారం తీసేసి ఒక లెక్క ఇస్తే వాడు ఇప్పటికీ చేస్తాడు. నేనే కూర్చుని చూశాను. మునుపు పది నిమిషాలు పట్టేదానికి పద్నాలుగు పడుతుంది. జవాబు మాత్రం తప్పదు. మేం అడిగిందల్లా పరీక్షలో ఒక గంట ఎక్కువ, ఒక నిశ్శబ్దమైన గది, మంచాన పడ్డ నెలలకు సీటు పోకుండా ఒక సెలవు.

జాబితాలో లేదన్నారు. నిజమే, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం చివర ఉన్న 21 రకాల్లో తలకు తగిలిన గాయం అన్న పేరు లేదు. కాళ్లూ చేతులూ ఆడుతున్నాయి కనుక చలన వైకల్యం గడిలో పట్టడు. వైకల్య ధ్రువపత్రాలిచ్చే సదరం శిబిరంలో ఒక డాక్టరు జాలిపడి ఒక ఉపాయం చెప్పారు. మానసిక అస్వస్థత నిర్వచనంలో జ్ఞాపకశక్తి ప్రస్తావన ఉందట, ఆ గడిలో రాస్తే ప్రయత్నించవచ్చట. మా చెల్లెలు ఆయన చేతిలోంచి కాగితం లాక్కున్నంత పని చేసింది. “నా కొడుక్కి పిచ్చా?” అంది. ఆ మాటలో ఉన్న అన్యాయం నాకు తెలుసు, మనోవ్యాధి ఉన్నవాళ్లు ఏం పాపం చేశారు? కానీ రేపు ఉద్యోగానికి, ఎల్లుండి పెళ్లికి ఆ కాగితం ఎక్కడెక్కడ తిరుగుతుందో ఆ తల్లికి తెలుసు.

అయ్యా, అమ్మా, ఆ జాబితా చట్టంలో ఆఖరి పేజీల్లో ఉంటుంది. ముందు పేజీలు ఎవరు చదవాలి? వైకల్యం ఉన్న వ్యక్తి అంటే ఎవరో రెండో సెక్షన్‌లో చెప్పారు. దీర్ఘకాలం ఉండే శారీరక, మానసిక, మేధా, ఇంద్రియ లోపం ఏదైనా, ఎదురయ్యే అడ్డంకులతో కలిసి, ఆ మనిషిని నలుగురితో సమానంగా మెలగనివ్వకపోతే చాలు. ఆ నిర్వచనంలో 21 ఊసే లేదు. మనిషికి తగ్గట్టు చెయ్యదగిన సర్దుబాటు చెయ్యననడం కూడా వివక్షేనని అదే సెక్షన్ చెప్తోంది. చదువు విషయంలో ప్రభుత్వం చెయ్యాల్సిన పనుల్లో పరీక్షలో అదనపు సమయాన్ని 17వ సెక్షన్ పేరు పెట్టి మరీ చెప్పింది. 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ముందుకొచ్చింది కూడా ఇలాంటి సంగతే. రాసేటప్పుడు చెయ్యి బిగుసుకుపోయే జబ్బున్న అభ్యర్థికి, 40 శాతం వైకల్యం లేదని రాసిపెట్టే సహాయకుణ్ని నిరాకరించారు. ఆ నిరాకరణ చెల్లదని కోర్టు తేల్చింది. ఆ తర్వాత 2022 ఆగస్టులో, 40 శాతం లోపు ఉండి రాయడంలో ఇబ్బంది ఉన్నవారికి కూడా వెసులుబాటు ఇస్తూ కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. గంటకు ఇరవై నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం. మూడు గంటల పరీక్షకు అది ఒక గంట. మేం అడిగింది సరిగ్గా ఆ గంటే. మీ బల్ల మీద అదే చట్టం ఉండగా మీ చెయ్యి ఆఖరి పేజీకే ఎందుకు వెళ్లింది?

ఇంకొక సంగతి నాకు అసలు మింగుడు పడదు. సర్కారు ఉద్యోగికి ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే తీసెయ్యకూడదు, హోదా తగ్గించకూడదు అని ఇదే చట్టం 20వ సెక్షన్ చెప్తోంది. అంటే రేపు మీలో ఎవరికైనా జరగరానిది జరిగితే మీ కుర్చీకి రక్ష ఉంది. చదువు మధ్యలో దెబ్బతిన్న పిల్లవాడి బెంచీకి అంత సూటిగా ఒక్క వాక్యం ఏ చట్టంలోనూ నాకు దొరకలేదు. చట్టం రాయని ఆ ఒక్క వాక్యం రాసే అధికారం మీ అకడమిక్ కౌన్సిళ్లకు లేదా?

తల సంగతి కంటికి కనిపించదు, పోనీ. కనిపించే గాయానికి మీరేం చేశారు?

మా వీధి చివర లేడీస్ హాస్టల్‌లో ఖమ్మం వైపు అమ్మాయి ఒకతె ఉంటుంది. మిరపకాయలు ఆరబోసిన డాబా మీద నుంచి పడింది. నడుము పైన వెన్నుపూస విరిగి వెన్నుపాము నలిగింది. చక్రాల కుర్చీలో కాలేజీకి వెళ్తుంది. వెళ్లేటప్పుడు దారిలో ఆటోస్టాండ్ కుర్రాళ్లు కుర్చీ మడిచి ఎక్కిస్తారు. వాళ్లకు ఎవరూ సర్క్యులర్ పంపలేదు. మొన్న ఎండలో వచ్చిందని గ్లాసుడు మజ్జిగ ఇవ్వబోతే, “వద్దు ఆంటీ, సాయంత్రం తాగుతాను. కాలేజీ ఉన్న రోజు పొద్దుటి నుంచీ ఏమీ తాగను” అంది. నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. నడుము కింద స్పర్శ లేకపోతే మూత్రం వస్తున్నట్టు తెలియదు, దానంతటది సరిగా పోదు. నాలుగు నుంచి ఆరు గంటలకొకసారి శుభ్రమైన గొట్టం పెట్టి తీసుకోవాలి. దానికి కుర్చీ పట్టే తలుపు, తిరిగేంత జాగా, చేతులు కడుక్కునే నీళ్లు కావాలి. వాళ్ల కాలేజీలో వెడల్పు తలుపున్న మరుగుదొడ్డి ఒకటుంది. దానికి తాళం. లోపల చీపుళ్లు, విరిగిన కుర్చీలు. తాళం ఎవరి దగ్గరుందో ఒక్కోరోజు ఒక్కొక్కరిని అడగాలి. అడగలేక నీళ్లు మానేసింది. నీళ్లు మానేస్తే మూత్రం చిక్కబడుతుంది, సూక్ష్మజీవులు చేరతాయి, చలిజ్వరం వస్తుంది. ఈ ఏడాది మూడుసార్లు వచ్చింది. ఇలా మళ్లీ మళ్లీ వస్తే దెబ్బ కిడ్నీల మీద పడుతుంది.

కుర్చీలో ఉన్న మనిషి ఊరికే కూర్చుని ఉందనుకుంటాం. ఆ అమ్మాయి పావుగంటకోసారి రెండు చేతులూ ఆనించి ఒళ్లు పైకెత్తుతుంది. అలా ఎత్తకపోతే తుంటి ఎముక కింద చర్మానికి రక్తం అందక పుండు పడుతుంది. నొప్పి తెలియదు కనుక పుండు పడ్డదీ తెలియదు. మెడకో, ఛాతీ పైభాగానికో గాయమైతే ఇంకా చిక్కు. మూత్రాశయం నిండితే చాలు, బీపీ ఒక్కసారిగా పైకి ఎగబాకుతుంది, తల పగిలిపోతుంది, ముఖం చెమటలు కక్కుతుంది. పరీక్ష హాల్లో అలాంటి పిల్లవాడు లేచి బయటికి వెళ్లాలంటే, కాపీ కొట్టడానికేమోనని మీ ఇన్విజిలేటరు ఆపితే, ఆ బీపీకి మెదడులో రక్తనాళం చిట్లే ప్రమాదం ఉంది. మీరిచ్చే ఇన్విజిలేటర్ల సూచనల కాగితంలో దీని గురించి ఒక్క పంక్తి ఉందా?

నేను రోజూ పొద్దున తార్నాక వైపు నుంచి ఉస్మానియా క్యాంపస్‌లోకి నడకకు వెళ్తాను. ఆర్ట్స్ కాలేజీ మెట్ల ముందు ఫొటోలు దిగే పిల్లలను చూస్తాను. ఆ మెట్లను నేను తప్పు పట్టను. ఆ భవనం 1939లో తెరిచారు. వెన్నుపాము తెగినవాడు మూత్రం చెడిపోయో, పుండ్లు కుళ్లిపోయో నెలల్లోనే పోయే కాలం అది. ఇంగ్లండులో స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో గట్‌మన్ అనే డాక్టరు 1944 నుంచి అలాంటివాళ్లను రెండు గంటలకోసారి పక్కకు తిప్పి, మూత్రం శుభ్రంగా తీయించి, బతికించవచ్చని చూపించాడు. ఆ మెట్లు కట్టిన నాటికి కుర్చీలో వచ్చి వాటి ముందు ఆగిపోయే విద్యార్థి బతికి ఉంటాడని ఎవరూ అనుకోలేదు. ఇప్పుడు బతికి ఉన్నాడు, హాల్ టికెట్ పట్టుకుని వస్తున్నాడు. మరి మొన్న మొన్న కట్టిన మీ కొత్త బ్లాకులకు ఏం సాకు ఉంది? చట్టం నియమాలు 2017 జూన్‌లో వచ్చాయి. జనం వాడే పాత భవనాలను కూడా అయిదేళ్లలో అందరూ రాగలిగేలా మార్చాలన్నారు. ఆ గడువు 2022 జూన్‌లో దాటిపోయింది. 2024 నవంబరులో రాజీవ్ రతూరీ కేసులో సుప్రీంకోర్టు, భవనాల అందుబాటు ప్రమాణాలు వీలైతే పాటించే సలహాలుగా ఉండకూడదని, తప్పనిసరి నియమాలు కావాలని చెప్పింది. కోర్టు ఆధారపడిన నివేదిక ఎక్కడ తయారైందో తెలుసా? మన శామీర్‌పేటలో, నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలో. నివేదిక ఢిల్లీ దాకా వెళ్లి తీర్పుగా వచ్చింది గాని, పక్క క్యాంపస్‌లో చీపుళ్ల గది తాళం దాకా రాలేదు.

డబ్బు లేదంటారు. కింది అంతస్తులో క్లాసు పెట్టడానికి ఎంత డబ్బు కావాలి? పరీక్షకు ఒక చిన్న గది ఇవ్వడానికి? తాళం చెవి మేకుకు తగిలించడానికి?

వెల్లూరు ఆసుపత్రికి మన చిత్తూరు, నెల్లూరు జిల్లాల వాళ్లు ఎందరు వెళ్తుంటారో మీకు తెలుసు. అక్కడ మేరీ వర్గీస్ అనే యువ డాక్టరమ్మకు 1954లో కారు ప్రమాదంలో వెన్ను విరిగింది. సంస్థ ఆమెను సాగనంపలేదు. చక్రాల కుర్చీలో కూర్చుని కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేసింది. 1966లో అక్కడే ఆమె ఆధ్వర్యంలో పునరావాస కేంద్రం మొదలైంది. ఆమె తిరిగొచ్చిన నాటికి ఈ దేశంలో వికలాంగుల చట్టమే లేదు. చట్టం ఉన్న మీకు కష్టమేమిటి?

ఇందులో జనం సొమ్ము ఎంతుందో కూడా చెప్పనివ్వండి. 108 అంబులెన్సు దేశంలో మొదట తిరిగింది ఈ హైదరాబాద్‌లోనే, 2005 ఆగస్టు 15న. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో పది లక్షలైంది. రోడ్డు ప్రమాదంలో దెబ్బతిన్నవారికి మొదటి ఏడు రోజుల్లో లక్షన్నర దాకా నగదు లేని వైద్యం 2025 మేలో వచ్చింది. రోడ్డు మీద నుంచి మనిషిని లేపి, బతికించి, ఇంటి గుమ్మం దాకా తెచ్చి దింపడం ఈ రాష్ట్రం నేర్చుకుంది. గుమ్మంలో దింపిన ఆ మనిషి తిరిగి వెళ్లాల్సిన మొదటి చోటు, ఇరవై ఏళ్లవాడైతే, మీ క్లాసురూమే. లక్షలు పోసి కాపాడిన బుర్రను ఒక గంట ఇవ్వనని మీరు వెనక్కి పంపితే ఆ లక్షలు ఎవరి ఖాతాలో రాయాలి?

ఉస్మానియా క్యాంపస్‌కు తలలు పగలడం కొత్త కాదు. 1969లోనూ, 2009లోనూ తెలంగాణ ఉద్యమంలో లాఠీ దెబ్బలు తిన్న తలలకు కట్లు కట్టిన చేతులు తార్నాకలో ఇంకా ఉన్నాయి. ఆ తలలను మనం వీరుల తలలన్నాం, బాగుంది. బండి మీద నుంచి పడ్డ తలకు ఆ గౌరవం ఉండదు, “హెల్మెట్ పెట్టుకోవాల్సింది” అన్న సుద్దులే ఉంటాయి. నిజమే, పెట్టుకోవాల్సింది. 2022లో దేశంలో హెల్మెట్ లేకుండా పోయినవారు 50,029 మంది, అందులో వెనక కూర్చున్నవారే 14,337 మంది. మీ గేట్ల లోపల బండికి ముగ్గురేసి బోడి తలలతో తిరుగుతుంటే మీ సెక్యూరిటీ చెయ్యెత్తి నమస్కారం పెడుతుంది, లోపలేగా అని. ఆ సుద్దులు గేటు దగ్గర చెప్పండి. పరీక్షల విభాగం కౌంటర్ దగ్గర చెప్పకండి, అప్పటికి ఆలస్యమైపోయి ఉంటుంది.

మావాడి దగ్గర అట్ట చిరిగిన రెండు వందల పేజీల నోటుబుక్కు ఒకటుంది. మరిచిపోతాడు గనుక అన్నీ అందులో రాసుకుంటాడు. ‘మాత్ర వేసుకున్నాను, 8.10.’ ‘బస్ పాస్ ఎడమ జేబు.’ ‘పెద్దమ్మే ఫోన్ చేసింది, నేను మళ్లీ చెయ్యక్కర్లేదు.’ ఎర్ర సిరా పడ్డ అర్జీ మళ్లీ రాసి ఇన్‌వార్డులో ఇచ్చి వచ్చాం. ఆ నంబరూ అందులోనే ఉంది. నిన్న వాడు నిద్రపోయాక తెరిచి చూశాను. ‘సోమవారం 11 గంటలు, పరీక్షల ఆఫీసు, పెద్దమ్మ వస్తుంది. ఫైలు నీలం సంచీలో. మెల్లగా మాట్లాడాలి, కోపం వస్తే బయటికి వచ్చెయ్యాలి.’ దాని కింద ‘సార్ ఏమన్నారు:’ అని రాసి, నాలుగు గీతలు ఖాళీగా వదిలిపెట్టాడు.

ఇట్లు,
తార్నాక వాసి, ఒక రిటైర్డ్ లెక్కల టీచరు